ఊరి బాగుకు కొలబద్ద

మన పల్లెలలో కొలతలకు ఏనాడును కొదువ లేదు. పాలను గిద్దతోను సోలతోను కొలిచినారు. బియ్యమును మానికతో కొలిచినారు. కళ్లములో ధాన్యమును కుంచముతో కొలిచి పుట్లలో లెక్క చెప్పినారు. వాన ఎంత కురిసినదని అడిగినచో, తడి నేలలో ఎంత లోతునకు దిగినదో చూచి, దుక్కికి పదును చాలునో చాలదో రైతు చెప్పెడివాడు. పొలమునకు కొలత ఉన్నది, శిస్తునకు కొలత ఉన్నది, అప్పునకును వడ్డీకిని మరింత గట్టి కొలత ఉన్నది. ఇన్నింటిని కొలిచిన ఊరు తన బాగోగులను మాత్రము కొలుచుకొనలేదు. "మా ఊరు బాగున్నది" అనుట ఒక మర్యాద. "మా ఊరు పాడైపోయినది" అనుట ఒక నిట్టూర్పు. ఈ రెంటికిని వెనుక లెక్క లేదు.

ఊరి బాగునకు లెక్క ఏల అని ఎవరైన అడుగవచ్చును. లెక్క లేని కష్టమునకు నోరు లేదు. పదిమంది కూడి "మంచినీటికి ఇబ్బందిగా ఉన్నది" అని విన్నవించుకొన్నచో, విన్నవారు జాలిపడి ఊరకుందురు. "మా ఊరిలో 50 ఇండ్లకు కొళాయి లేదు, ఆ ఇండ్ల స్త్రీలు అర కిలోమీటరు నడచి బోరునీరు తెచ్చుకొనుచున్నారు, ఆ నీటిలో ఫ్లోరైడు మితిమీరి ఉన్నదని పరీక్షలో తేలినది" అని చెప్పినచో, విన్నవారు సమాధానము చెప్పక తప్పదు. మొదటి మాటను ఎవరైన మరచిపోవచ్చును. రెండవదానిని కాగితముమీద పెట్టి, మరుసటి ఏడు మరల అడుగవచ్చును.

ఇట్టి లెక్కను ప్రపంచమంతకు కలిపి చేయవలెనను సంకల్పము 2015లో రూపుదాల్చినది. ఆ సంవత్సరము సెప్టెంబరు 25వ తేదీన ఐక్యరాజ్యసమితిలోని 193 సభ్యదేశములు కూడి 17 సుస్థిరాభివృద్ధి లక్ష్యములను అంగీకరించినవి. పేదరికము, ఆకలి తొలగుట, ఆరోగ్యము, చదువు, స్త్రీ పురుష సమానత, మంచినీరు, పారిశుధ్యము, మర్యాదగల జీవనోపాధి మొదలు అడవులు, సముద్రములు, న్యాయము వరకు అందులో ఉన్నవి. వానిని 169 ఉపలక్ష్యములుగా విభజించినారు. గడువు 2030వ సంవత్సరము. ఎంతవరకు వచ్చితిమో తెలిసికొనుటకై 2017లో 230కి పైబడిన సూచికలను నిర్ణయించినారు.

"సుస్థిరాభివృద్ధి" అను మాట బరువుగా వినబడును గాని, అందలి భావము రైతు ఇంట పుట్టినవారికి కొత్త కాదు. విత్తనపు గింజలను వండుకొని తిని, ఈ ఏడు కడుపు నిండినదని సంతోషించు ఇల్లు బాగుపడిన ఇల్లు కాదు. నేటి సుఖము రేపటి పంటను తినివేయరాదు. ఇరుగుపొరుగు పస్తులుండగా మన గాదె నిండుటయు ఊరికి బాగు కాదు. ఈ రెండు మాటలను కలిపి చెప్పినదే సుస్థిరాభివృద్ధి.

అయితే ఇందులో ఒక చిక్కు ఉన్నది. ఈ కొలతలు దేశములకై ఏర్పడినవి. కోట్లమంది ప్రజలను లెక్కించుటకు పనికివచ్చు కొలబద్దను రెండువేల జనాభాగల పల్లెమీద పెట్టినప్పుడు అది సరిగా నిలువదు. దీనికి ఒక ఉదాహరణ చూతము.

ప్రసూతి మరణములను లక్ష ప్రసవములకు 70 కంటె తక్కువకు దించవలెనని ఆ లక్ష్యములలో ఒకటి చెప్పుచున్నది. మనము చెప్పుకొను రెండువేల జనాభాగల పల్లెలో ఏటికి సుమారు 30 మంది శిశువులు పుట్టుదురనుకొందము. అచట లక్ష ప్రసవములు పూర్తియగుటకు మూడువేల సంవత్సరములకు పైన పట్టును. లక్షకు 70 అనగా సుమారు 1,430 ప్రసవములకు ఒక మరణము. ఆ ఊరి లెక్కన చూచినచో, దాదాపు 48 సంవత్సరములకు ఒకటి. కాబట్టి పది సంవత్సరములు ఒక్క తల్లియు మరణింపకపోయినను, ఆ ఊరిలో గర్భిణీ స్త్రీల సంరక్షణ చక్కగా ఉన్నదని చెప్ప వీలులేదు. అదృష్టము కూడ కావచ్చును. ఒక తల్లి మరణించినంతమాత్రమున ఆ ఊరు దేశములోకెల్ల అధ్వాన్నమైనదనియు చెప్పరాదు. శిశు మరణముల లెక్కయు ఇట్టిదే. 30 మందిలో ఒక బిడ్డ పోయినచో వేయికి 33 అని లెక్క వచ్చును. మరుసటి సంవత్సరము అందరును బ్రతికినచో అదే లెక్క సున్నకు దిగును. ఈ ఎగుడుదిగుడులనుబట్టి ఊరు చెడినదనియు, బాగుపడినదనియు అనుకొనుట పొరపాటు.

మరి పల్లె ఏమి చేయవలెను? దేశము శాతములను లెక్కించును. పల్లె మనుష్యులను లెక్కింపవచ్చును. చిన్న ఊరికి ఉన్న గొప్ప వసతి ఇదియే. దేశమునకు 57 అనునది ఒక శాతము. ఊరికి ప్రతి గర్భిణియు పేరుతో తెలిసిన మనిషి. ఈ సంవత్సరము గర్భవతులైన 30 మందిలో మొదటి మూడు నెలలలోనే పేరు నమోదు చేయించుకొన్నవారు ఎందరు? కనీసము నాలుగుసార్లు వైద్యపరీక్ష జరిగినవారు ఎందరు? రక్తహీనత ఉన్నదని తేలినవారికి మందు అందినదా? రాత్రివేళ నొప్పులు వచ్చినచో ఆసుపత్రి చేరుటకు ఎంత సమయము పట్టినది? ఈ ప్రశ్నలకు సమాధానములు మూడువేల సంవత్సరములు ఆగకుండ ఈ నెలలోనే దొరకును. ఒక మరణము సంభవించినచో దానిని శాతముగా మార్చక, అది ఏల జరిగినదో విచారింపవలెను. వాహనము ఆలస్యమైనదా, రక్తము దొరకలేదా, ఇంటివారు ప్రమాదమును గుర్తింపలేదా అని తెలిసికొన్నచో రెండవ మరణమును ఆపవచ్చును. ప్రపంచ లక్ష్యమును పల్లె భాషలోనికి తెచ్చుట అనగా ఇదియే.

రెండవ చిక్కు మాటలలో ఉన్నది. "మంచినీటి వసతి కలదు" అని పట్టికలో ఒక గడి ఉండును. ఇంట కొళాయి ఉన్నచో ఆ గడిలో గుర్తు పడును. ఆ కొళాయిలో నీరు వచ్చుచున్నదా అని మరొక ప్రశ్న అడుగవలెను. 2019లో కేంద్రప్రభుత్వము ప్రారంభించిన జలజీవన్ మిషన్ ఒక్కొక్క మనిషికి దినమునకు 55 లీటర్ల నీరు అందవలెనని ప్రమాణము పెట్టినది. 15 లీటర్లు పట్టు బిందెతో కొలిచినచో ఇది నాలుగు బిందెలకు కొంచెము తక్కువ. అయిదుగురున్న ఇంటికి పదునెనిమిది బిందెలు. లీటర్ల లెక్క తెలియని ఇల్లాలికి కూడ బిందెల లెక్క తెలియును. తన ఇంటికి నిన్న ఎన్ని బిందెల నీరు వచ్చినదో ఆమె ఏ యంత్రము అక్కరలేకుండ చెప్పగలదు.

నీరు వచ్చినంతమాత్రమున సరిపోదు. ఆ నీరు త్రాగదగినదై ఉండవలెను. ఈ విషయమున తెలుగుదేశము పడిన బాధను మరువరాదు. నీటిలోని ఫ్లోరైడువలన ఎముకలు చెడిపోవు వ్యాధిని మనదేశములో మొట్టమొదట గుర్తించినది నాటి నెల్లూరు జిల్లాలో. ఆ సంగతి 1937లో వైద్య పత్రికలో వెలువడినది. పిమ్మట నల్లగొండ జిల్లా పేరు ఈ వ్యాధితో ముడిపడిపోయినది. 1970 దశకములో పటికను, సున్నమును ఉపయోగించి నీటిలోని ఫ్లోరైడును తగ్గించు ఒక పద్ధతిని నాగపూరులోని జాతీయ పరిశోధనాసంస్థ రూపొందించగా, దానికి "నల్లగొండ పద్ధతి" అని పేరు వచ్చినది. ఒక ఊరిపేరు పరిశోధన గ్రంథములకెక్కుట గౌరవమే గాని, ఆ గౌరవమునకు వెల ఎవరు చెల్లించినారో తలచుకొన్నచో మనస్సు కలుక్కుమనును. గారపట్టిన పండ్లు, వంగిపోయిన నడుములు, బిగుసుకొనిపోయిన మోకాళ్లు గల మనుష్యులు ఆ వెల చెల్లించినారు.

ఫ్లోరైడు కంటికి కనబడదు, నాలుకకు తెలియదు. లీటరునకు 1.5 మిల్లీగ్రాములకు మించరాదని ప్రపంచ ఆరోగ్యసంస్థ చెప్పుచున్నది. తేటగా, తియ్యగా ఉన్న బోరునీటిలో దానికి రెండింతలు, మూడింతలు ఉండవచ్చును. బోరు లోతునకు పోయినకొలది నీరు రాతిపొరలలో ఎక్కువకాలము నిలిచి అందలి ఖనిజములను కరగించుకొని వచ్చుటయే ఇందుకు ముఖ్యకారణము. ఇట్టి ఊరిలో ఇంటింటికి చేతిపంపో, బోరు కొళాయియో పెట్టి "నూటికి నూరుపాళ్లు నీటివసతి" అని వ్రాసుకొన్నచో, ఆ లెక్క అబద్ధము కాదు. అయినను ఊరి ఎముకలు వంగుట ఆగదు. లెక్కించుటకు సులభమైనదానిని లెక్కించి, లెక్కింపవలసినదానిని విడిచిపెట్టుట అనగా ఇదియే. నదీజలమును శుద్ధిచేసి పల్లెలకు పంపు ఏర్పాట్లు, ముఖ్యముగ 2016లో తెలంగాణలో ప్రారంభమైన మిషన్ భగీరథ, ఈ బాధను తొలగించు ఉద్దేశముతో వచ్చినవే. జలజీవన్ మిషన్ ప్రతి గ్రామములో అయిదుగురు స్త్రీలకు నీటిపరీక్ష చేయుట నేర్పవలెనని కూడ చెప్పినది. ఒక చిన్న పెట్టెలోని మందుచుక్కలతో, రంగును పోల్చి చూచి, ఆ పరీక్షను ఊరిలోనే చేయవచ్చును. ఏ ఇంటి నీటిని ఏ తేదీన పరీక్షించినారో, ఎంత వచ్చినదో పంచాయతీ గోడమీద వ్రాసిన ఊరు తన కొలతను తానే చేతబట్టిన ఊరు.

మూడవ చిక్కు అన్నింటికంటె పెద్దది. అది సగటు అను మాయ. 500 ఇండ్లున్న రెండు ఊళ్లను ఊహించుకొందము. రెండింటను 450 ఇండ్లకు మంచినీటి కొళాయిలు ఉన్నవి. రెండింటికిని నూటికి తొంబది మార్కులు వచ్చును. కాని మొదటి ఊరిలో కొళాయి లేని 50 ఇండ్లు అన్ని వీధులలోను చెదరి ఉన్నవి. ఒకచోట గొట్టము పగిలినది, ఒకచోట కొత్త ఇల్లు లేచినది, ఒకచోట ఇంటివారు ఊరు విడిచి పోయినారు. రెండవ ఊరిలో ఆ 50 ఇండ్లును చెరువుకట్ట ఆవలి దళితవాడలో ఒక్కచోటనే ఉన్నవి. మొదటి ఊరికి కావలసినది మరమ్మతు. రెండవ ఊరికి కావలసినది న్యాయము. మార్కులు చూచువారికి ఈ తేడా తెలియదు. ఇంట ఈగల మోత, బయట పల్లకీ మోత అను సామెత వ్యక్తులకే గాక ఊళ్లకు కూడ వర్తించును.

ఈ మాయను ఛేదించుటకు చౌకయైన సాధనము ఒకటి మన వాకిళ్లలోనే ఉన్నది. అది ముగ్గుపిండి. పల్లెల స్థితిగతులను పల్లెప్రజలచేతనే చెప్పించు పద్ధతులు 1980 దశకపు చివర మనదేశములో వ్యాప్తికి వచ్చినప్పుడు, ఊరి నడుమ నేలమీద ముగ్గుతో ఊరి పటము గీయుట వానిలో ముఖ్యమైనది. వీధులు, బావులు, బడి, గుడి గీసి, ఒక్కొక్క ఇంటిని గుర్తించి, ఏ ఇంట వికలాంగులున్నారు, ఏ ఇంటివారు పనికై వలస పోయినారు, ఏ ఇంట ఒంటరి స్త్రీ ఉన్నది అని పసుపుతోను, కుంకుమతోను, గింజలతోను గుర్తులు పెట్టుదురు. 2000లో ఆంధ్రప్రదేశమున మొదలైన వెలుగు పథకములో నిరుపేదలను గుర్తించు పని ఈ విధముగా ఊరివారి యెదుటనే జరిగెను. కాగితముమీద వ్రాసినది ఒకరిద్దరికే తెలియును. నేలమీద గీసినది అందరికి కనబడును. ఎవరైన ఒక ఇంటిని మరచినచో ప్రక్కనున్న ముసలమ్మ ఊరకుండదు. ఆ పటములో గుర్తులన్నియు ఒకే వైపున కుప్పపడినప్పుడు సగటు దాచిన రహస్యము బయటపడును.

ఇక మనదేశములో ప్రభుత్వముపక్షమున జరిగిన ప్రయత్నమును చెప్పుకొనవలెను. గ్రామమునకు తన వ్యవహారములను తాను చూచుకొను అధికారము ఉండవలెనను తలంపు కొత్తది కాదు. 1959లో రాజస్థానము మొదటను, వెనువెంటనే ఆంధ్రప్రదేశము పంచాయతీరాజ్యమును స్థాపించినవి. 1992లో ఆమోదము పొంది 1993 ఏప్రిల్ 24న అమలులోనికి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ గ్రామసభకు రాజ్యాంగములో చోటు కల్పించి, పంచాయతీలకు అప్పగింపదగిన 29 అంశములను పేర్కొన్నది. ప్రపంచ లక్ష్యములు 17ను పల్లెకు తగినట్లు కేంద్ర పంచాయతీరాజ్ శాఖ తొమ్మిది అంశములుగా కూర్చినది. పేదరికము లేని గ్రామము, ఆరోగ్యవంతమైన గ్రామము, బాలలకు అనుకూలమైన గ్రామము, నీరు సమృద్ధిగాగల గ్రామము, పచ్చని పరిశుభ్ర గ్రామము, వసతులలో స్వయంసమృద్ధి గల గ్రామము, సామాజిక న్యాయమును భద్రతయుగల గ్రామము, సుపరిపాలనగల గ్రామము, స్త్రీలకు అనుకూలమైన గ్రామము అనునవి ఆ తొమ్మిది.

ఈ తొమ్మిదింటినిబట్టి ప్రతి పంచాయతీకి మార్కులు వేయు పంచాయతీ పురోగతి సూచిక 2025 ఏప్రిల్‌లో మొదటిసారి వెలువడినది. అందలి వివరములు 2022-23 సంవత్సరమునకు సంబంధించినవి. దేశములోని 2,55,699 గ్రామపంచాయతీలలో 2,16,285 పంచాయతీల లెక్కలు అందులో చేరినవి. నూటికి 90 గాని అంతకు మించి గాని వచ్చిన ఊరు లక్ష్యము సాధించినదని నిర్ణయము. అట్టి ఊరు దేశమంతటిలో ఒక్కటియు లేకపోయెను. 75 మొదలు 90 లోపు మార్కులతో ముందంజలో నిలిచినవి 699 మాత్రమే. వానిలో 346 గుజరాతువి, 270 తెలంగాణవి. 60 మొదలు 75 లోపు వచ్చినవి 77,298. 40 మొదలు 60 లోపు వచ్చినవి 1,32,392. అనగా నూటికి అరువదికి పైగా ఊళ్లు ఈ మెట్టుమీదనే ఉన్నవి. 40కి లోపు వచ్చినవి 5,896.

ఈ సంఖ్యలను చూచి నిరుత్సాహపడనక్కరలేదు. లక్ష్యము సాధించిన ఊరు ఒక్కటియు లేదని ప్రభుత్వము తానే ప్రకటించుటలో ఒక నిజాయితీ ఉన్నది. రెండులక్షలకు పైబడిన పల్లెల స్థితిని ఒకే పట్టికమీదికి తెచ్చుట చిన్న పనియు కాదు. కాని ఆ పట్టికకు కావలసిన సూచికలు 435, వానిని లెక్కగట్టుటకు సేకరింపవలసిన వివరములు 566. ఒక పంచాయతీ కార్యదర్శి బల్లమీద ఈ భారమునంతను పెట్టినచో ఏమగునో ఊహింపవచ్చును. ఊరు తిరిగి చూచి వ్రాయవలసినవి కొన్ని, కూర్చున్నచోటనే వ్రాయబడును. తరువాతి దఫాకు ఈ సంఖ్యను బాగుగా తగ్గించుట మంచి పని. అంతకంటె పెద్ద ప్రమాదము మరియొకటి ఉన్నది. కొలతను బహుమతికి ముడిపెట్టినచో, ఊరు బాగుపడుటకు ముందు లెక్క బాగుపడును. బడిలో పరీక్షకై చదువు పిల్లవానికి పాఠము మిగలనట్లు, మార్కులకై నడచు ఊరికి మార్కులే మిగులును.

అట్లని కొలతను వదలివేయుట పరిష్కారము కాదు. కొలత ఎవరి చేతిలో ఉన్నది, ఎవరి పనికి వచ్చుచున్నది అనునదే అసలు ప్రశ్న. ఇందుకు మన ప్రాంతములలోనే జరిగిన ఒక మంచి ఉదాహరణ ఉన్నది.

2003లో ఉమ్మడి ఆంధ్రప్రదేశములో రైతులే భూగర్భజలములను చూచుకొను పథకము ఒకటి, ఐక్యరాజ్యసమితివారి ఆహార వ్యవసాయసంస్థ తోడ్పాటుతో మొదలైనది. అనంతపురము, చిత్తూరు, కడప, కర్నూలు, మహబూబ్‌నగర్, నల్లగొండ, ప్రకాశం జిల్లాలలోని కరవు ప్రాంతములలో 638 ఆవాసములలో అది నడచినది. ఆ జిల్లాల సంగతి తెలియనివారు లేరు. ఒక రైతు బోరు వేయగా నీరు పడును, ప్రక్క రైతు మరింత లోతునకు వేయగా మొదటి బోరు ఎండును, ఇద్దరును అప్పులపాలగుదురు. ఈ పథకములో రైతులకు రాయితీలు గాని, నగదు గాని ఇయ్యలేదు. ఇచ్చినది కొలుచుకొను విద్య ఒక్కటియే. ఊరిలో వానమాపకము నెలకొల్పి దినదినము వానను వ్రాసికొనుట, ఎంపిక చేసిన బోరులలో నీటిమట్టమును పదునైదు దినములకొకసారి కొలుచుట, బోరు నిముషమునకు ఎన్ని లీటర్లు పోయుచున్నదో చూచుట రైతులే నేర్చినారు. అక్షరజ్ఞానము అంతంతమాత్రమే ఉన్నవారును, స్త్రీలును ఈ పనిలో పాల్గొనిరి.

రబీ పంటకు ముందు రైతులందరును ఒకచోట కూడెడివారు. ఈ ఏడు కురిసిన వానలో భూమిలోనికి ఇంకినది ఎంత? ఇప్పుడు నేలలో ఉన్న నీరెంత? ఎవరెవరు ఏ పంట వేయదలచినారు? ఆ పంటలన్నింటికి కావలసిన నీరెంత? ఈ లెక్క వేసి, తరుగు ఎంతో గోడమీద అందరికి కనబడునట్లు వ్రాసెడివారు. తరువాత ఎవరిని ఎవరును నిర్బంధింపలేదు. "నీవు వరి వేయరాదు" అని ఆజ్ఞాపించు అధికారి లేడు. కాని తన బోరు ఎండునని లెక్క చెప్పుచుండగా వరి నాటుటకు రైతుకు చేతులాడవు. అనేకులు తమంతట తామే వరిని తగ్గించి తక్కువ నీటితో పండు పంటలకు మరలినారు. అచట నీటి తోడకము తగ్గినదని పిమ్మట జరిగిన పరిశీలనలలో తేలినది. చట్టము చేయలేని పనిని, తమ చేతితో తాము వ్రాసికొన్న లెక్క చేసినది.

ఇందులోని కీలకము స్పష్టము. కొలిచినవారు రైతులే. లెక్కను చదివినవారు రైతులే. దానివలన లాభపడవలసినవారును వారే. పైవారికి పంపుటకై వ్రాసిన లెక్క కాదు గనుక అందులో అబద్ధము వ్రాయవలసిన అవసరము ఎవరికిని కలుగలేదు. తన బోరును తాను మోసగించుకొను రైతు ఎక్కడ ఉండును?

ఈ పాఠమును ఊరి బాగునకంతటికి అన్వయించుకొనవచ్చును. ప్రతి ఊరును 435 సూచికలను మోయనక్కరలేదు. తనకు బాధ కలిగించు పది విషయములను తానే ఎన్నుకొని, వానిని ఏటేట కొలుచుకొన్నచో చాలును. బిడ్డల పోషణనే తీసికొందము. ఆరు నెలలు మొదలు అయిదేండ్ల లోపు బిడ్డకు మోచేతికి పైన భుజమునడుమ చుట్టి చూచు రంగుల పట్టీ ఒకటి ఉన్నది. చుట్టుకొలత 12.5 సెంటీమీటర్లకు తగ్గనిచో ఆకుపచ్చ, 11.5 మొదలు 12.5 లోపు పసుపు, 11.5కు తగ్గినచో ఎరుపు. ఎరుపు వచ్చిన బిడ్డను వెంటనే వైద్యునికి చూపవలెను. చదువురాని తల్లియు రంగును చదువగలదు. ఊరిలో ఎరుపు ఎందరు, పసుపు ఎందరు అని మూడు నెలలకొకసారి తెలిసికొన్నచో, ఆకలి తొలగింపవలెనను ప్రపంచ లక్ష్యము ఊరి అంగన్‌వాడీ గుమ్మమునొద్దకు వచ్చినట్లే.

కొన్ని విషయములు సెంటీమీటర్లలోను, లీటర్లలోను ఇమడవు. వానికి ప్రశ్నలే కొలత. టీ దుకాణములో అందరికి ఒకే రకపు గ్లాసులో టీ ఇచ్చుచున్నారా? చీకటి పడిన తరువాత ఆడపిల్ల వీధి ఈ చివరనుండి ఆ చివరకు భయములేక నడువగలదా? మరుగుదొడ్డి కట్టినది సరియే. దానిని వాడుచున్నారా, వంటచెరకు నింపుకొనినారా? బిడ్డలు దూరదేశమున ఉన్న ముసలి దంపతులకు రాత్రివేళ జబ్బు చేసినచో తలుపు తట్టదగిన ఇల్లు ఒకటి ఉన్నదా? ఈ ప్రశ్నలకు అవును, కాదు అను సమాధానములు తప్ప వేరు లేవు. అయినను ఊరి బాగు వీనిలో ఉన్నంతగా మరెక్కడను లేదు. ఈ ప్రశ్నలను అడుగునప్పుడు రచ్చబండమీద కూర్చున్న పెద్దలను అడిగి లేచిపోరాదు. వాడలోని స్త్రీని, వలసపోయి వచ్చిన కూలిని, ఒంటరిగా ఉన్న వృద్ధురాలిని వారి ఇంటియొద్దనే అడుగవలెను. ఊరిలో అందరికంటె వెనుకబడినవారికి అందరికంటె ముందు చేయూతనియ్యవలెనని 2015నాటి ప్రపంచ సంకల్పము కూడ చెప్పినది. ఆ 17 లక్ష్యములలో మనము ఏది మరచినను ఈ ఒక్క మాటను మరువకున్నచో చాలును.

రేడియో ముందు కూర్చుండి వార్తలు వినునప్పుడు మనము ప్రపంచ సంగతులు తెలిసికొనుచున్నాము. ఏ దేశము ఏ లక్ష్యములో ఎంత ముందున్నదో వినుచున్నాము. ఆ లెక్కలో మన ఊరు కూడ ఒక అంకెయై చేరుచున్నదని తలపునకు రాదు. జనవరి 26, ఆగస్టు 15, అక్టోబరు 2 వంటి దినములలో గ్రామసభ జరుపుట పలుచోట్ల వాడుకగా ఉన్నది. ఈసారి గ్రామసభకు పోయినప్పుడు మన పంచాయతీకి ఎన్ని మార్కులు వచ్చినవని అడిగి ఊరకుండరాదు. ఆ మార్కులు ఏ ఇండ్లను చూచి వేసినవి, ఏ ఇండ్లను చూడకుండ వేసినవి అని అడుగవలెను. పట్టికలోని గడులను చదివించి వినవలెను. తప్పు ఉన్నచో "మా ఇంటికి నీరు రాలేదు" అని లేచి చెప్పవలెను. చెప్పినవానిని కసరక, ఆ మాటను లెక్కలోనికి ఎక్కింపవలెను.

కుంచము సరియైనదా కాదా అని ధాన్యము అమ్మువాడును, కొనువాడును ఇద్దరును చూచెడివారు. అందువలననే ఆ కొలతకు విలువ ఉండెను. ఊరి బాగును కొలుచు కొలబద్దను పైవారొక్కరే చూచినచో అది వారి లెక్కగానే మిగిలిపోవును. ఊరివారును దానిని చేతబట్టి, దానితో తమ గడపను, తమ వాడను, తమ చెరువును కొలుచుకొన్ననాడు అది ఊరి బాగునకు నిజమైన కొలత అగును.